జత తప్పిన మార్పు

కన్నతండ్రి మెడకు ఉచ్చు బిగించే మాట కన్నకూతురి నోటి నుంచే వచ్చింది. అదీ అబద్ధమని తెలిసి చెప్పిన మాట కాదు, నిజమని నమ్మి చెప్పిన మాట.

పడవలొచ్చినప్పుడు ఒళ్ళు విరుచుకుని పైకి లేచే పాత ఇనుప వంతెనకి ఆయన జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచి కాపలాదారు. మీట నొక్కితే రెండు వైపులా గేట్లు దిగుతాయి. అవి దిగాక బెల్లు మోగుతుంది. వంతెన మీద మిగిలిపోయినవాళ్ళు ఆ మోత ఆగేలోపు దాటిపోవాలి, ఎందుకంటే ఆగిన మరుక్షణం వంతెన లేస్తుంది. మీట నొక్కడం వరకే మనిషి పని, తక్కినదంతా కంప్యూటరుది. పోయిన వారం బెల్లు ఆగేసరికి ఒక ఐసుబండి ఇంకా నడివంతెన మీదే ఉంది. బండి నీళ్ళలోకి జారిపోయింది. బండివాడు కమ్మీ పట్టుకుని వేలాడి, మణికట్టు విరగ్గొట్టుకుని బతికి బయటపడ్డాడు. ముసలాయన చూసి వంతెనని ఆపే ఎర్ర బొత్తాం నొక్కకపోయి ఉంటే ఆ మాత్రం కూడా దక్కేది కాదు.

"బెల్లు సరిగ్గా మోగలేదయ్యా" అన్నాడాయన. "మీకు సరిగ్గా వినిపించలేదేమో" అన్నారు విచారణకి కూర్చున్న పెద్దలు. వంతెన ప్రోగ్రాం రాసే కంపెనీలోనే పనిచేసే కూతుర్ని పిలిచి, బెల్లు ఎంతసేపు మోగాలమ్మా అని అడిగారు. "ముప్పై సెకన్లు. ఆ మార్పు రాసింది నేనే" అంది చిట్టి. నాన్న ఒక్కసారి ఆమె వైపు చూసి, బల్ల మీది టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

అది నిన్న. ఆయన్ని తీసేయాలా, ఉంచాలా అన్నది ఇవాళ మధ్యాహ్నం తేలుస్తారు.

*

పొద్దున కాఫీ దగ్గర నాన్న మామూలుగానే ఉన్నాడు. ఆ మామూలుతనాన్నే చిట్టి భరించలేకపోయింది. తిట్టినా బాగుండేది. నాలుగు కేకలు వేసి, "కడుపున పుట్టినదానివి, నువ్వేనా?" అని ఉంటే ఆమె కూడా కాసేపు ఏడ్చి తేలికపడేది. ఆ ఇంట్లో అలాంటి సుఖం ఎవరికీ లేదు. అరుపులు లేకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడం ఆ ఇంటి అలవాటు. అన్నయ్య ఇల్లు వదిలి వెళ్ళిన రోజు కూడా ఎవరూ గొంతు పెంచలేదు. చెప్పులు వేసుకున్నాడు, సంచీ తీసుకున్నాడు, గుమ్మం దిగాడు. కూర తరుగుతున్న అమ్మ వాడు వీధి చివరికి వెళ్ళొస్తాడనుకుంది.

నాన్న చెంచా తీసి గాజు గ్లాసు మీద కొట్టాడు. టంగ్. కాస్త ఆగి ఇంకోటి, మళ్ళీ ఆగి ఇంకోటి. చెంచా బల్ల మీద పెట్టేశాడు.

"పొద్దున్నే ఆ చప్పుడేంటండీ?" అంది అమ్మ.

"అంతే మోగింది."

"ఏంటి?"

"బెల్లు. అంతే మోగింది. నేను కుర్చీలోంచి లేచాను, కాబిన్ బాల్కనీ తలుపు గడియ మీద చెయ్యేశాను, ఆగిపోయింది." ఆయన కూతురితో చెప్పలేదు, గ్లాసుతో చెప్పాడు.

"ఉద్యోగం పోతే పోయిందిలెండి. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళైనా బాగుపడతాయి" అంది అమ్మ.

"నా మోకాళ్ళ గురించి కాదే నేను మాట్లాడేది" అన్నాడు నాన్న. అప్పటికే యూనిఫాం చొక్కా వేసుకుని ఉన్నాడు. డ్యూటీకి రావద్దన్న మనిషికి యూనిఫాం ఎందుకని అడగడానికి చిట్టికి నోరు రాలేదు.

*

ఆఫీసుకి వచ్చిందన్న మాటే గానీ ఆమె కుర్చీలో కూర్చున్నది లేదు. కాలు కాలిన పిల్లిలా నీళ్ళ కూజా దగ్గరికీ కిటికీ దగ్గరికీ తిరుగుతోంది. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది, దానికి అవతల వంతెన తాలూకు ఇనుప దూలాల కొస కనిపిస్తుంది. పక్కసీటు కళ్ళజోడు కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏంటి, కుర్చీతో మాటల్లేవా?"

"తలనొప్పిగా ఉంది."

"నీకు తలనొప్పి, నాకు కళ్ళు తిరగడం. ఇంకో రెండు చుట్లు తిరిగావంటే నేల అరిగిపోతుంది తల్లీ, మళ్ళీ మన జీతాల్లోంచే కోస్తారు."

ఆమె నవ్వలేదు. బల్ల మీద వేలితో కొడుతోందని అప్పుడు గమనించుకుంది. మూడు దెబ్బలు కొట్టి ఆగడం, మళ్ళీ మూడు కొట్టి ఆగడం. వంతెన బెల్లు సెకనుకి ఒక దెబ్బ కొడుతుంది. చిన్నప్పుడు అన్నయ్యా తనూ గట్టు మీద కూర్చుని దానితో పాటు అంకెలు లెక్కపెట్టేవాళ్ళు. నాన్న మూడు దెబ్బలన్నాడు. తను రాసింది ముప్పై.

చెవులు సరిగ్గా వినిపించని మనిషి లెక్క తప్పితే ఏ పదిహేడో పద్దెనిమిదో అంటాడు. సరిగ్గా పదోవంతు ఎలా తప్పుతాడు?

అలా అనుకోగానే, ఆ రోజు మొదటిసారిగా కుర్చీలో కూర్చుంది.

వంతెనల ప్రోగ్రాం చెట్టులాంటిది. మొదట అందరిదీ ఒకటే మాను. కొత్త రకం వంతెనలు వచ్చాక దానికో కొమ్మ చీలింది, ఆఫీసులో బ్రాంచ్ అంటారు. చిట్టి కొత్త బ్రాంచ్‌లో పనిచేస్తుంది. నాన్న వంతెన లాంటి పాతవాటికి పాత బ్రాంచ్ అలాగే ఉంది. రెండూ విడిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఒకదాన్ని ఇంకోదానిలో కలిపితే ఏం పాడవుతుందోనని ఎవరూ ఆ సాహసం చెయ్యరు. కొత్తదానిలో పుట్టిన మంచి మార్పు ఏదైనా పాతదానికి కావలసి వస్తే, ఆ ఒక్కదాన్నే తుంచి తెచ్చి అతికిస్తారు. చెట్టంతా కదపకుండా ఒక్క పండు కోసుకోవడం లాంటిది కాబట్టి దానికి చెర్రీ పిక్ అని ముద్దుపేరు.

నడవలేనివాళ్ళకి బెల్లు చాలడం లేదని ఫిర్యాదులు వస్తే, పాత గడువు తీసేసి ముప్పై సెకన్ల కొత్త గడువు పెట్టింది చిట్టి. అది తన బ్రాంచ్‌లో. పాత బ్రాంచ్‌లోకి అదెలా వెళ్ళిందో ఆమె ఏనాడూ చూడలేదు. విచారణలో అడిగినప్పుడు కూడా తన పేరు కనిపించింది, తను రాసిన అంకె కనిపించింది, చాలనుకుంది.

ఇప్పుడు పాత బ్రాంచ్ చరిత్ర తెరిచి ఒక్కో మార్పూ చూసుకుంటూ వెళ్ళింది. దొరికింది. ముప్పై అన్న అంకె, అక్షరం పొల్లుపోకుండా, అలాగే ఉంది. రాసినవారి దగ్గర తన పేరుంది. మార్పు గుర్తు మాత్రం వేరు. తుంచి తెచ్చినప్పుడు అంతే, మనిషి అదే అయినా కొత్త ఇంటి నంబరు వస్తుంది.

దాని ముందు ఏముందో చూసింది. ఏదో రంగుల మార్పు. దాని ముందు ఇంకేదో అక్షరదోషం. ఆమెకి కావలసింది లేదు. పైకీ కిందికీ వెతికింది. ఎక్కడా లేదు.

కొత్త బ్రాంచ్‌లో ఈ గడువు మార్పుకి ముందు ఇంకో మార్పు చేసింది చిట్టి, అదే రోజు. పాత గడియారం సెకనులో పదోవంతుల్లో లెక్కపెడుతుంది. అది తికమకగా ఉందని సెకన్లలోకి మార్చింది. ఆ తర్వాతే ముప్పై అని రాసింది. గడియారం మారింది కాబట్టి ముప్పై అంటే ముప్పై సెకన్లయింది.

పాత బ్రాంచ్‌లో గడియారం మారలేదు. అక్కడ ముప్పై అంటే సెకనులో ముప్పై పదోవంతులు. అంటే మూడు సెకన్లు.

గాజు గ్లాసు మీద మూడు దెబ్బలు. నాన్న ఒక్క దెబ్బ కూడా తప్పు చెప్పలేదు.

కళ్ళజోడు ఏదో అంటున్నాడు, ఆమెకి వినబడలేదు. రాసినవారి పేరు కింద ఇంకో గడి ఉంటుంది, తెచ్చినవారిది. మామూలుగా ఎవరూ దాన్ని తెరవరు. ఆమె తెరిచింది.

అన్నయ్య.

*

పాత బ్రాంచ్‌వాళ్ళు కింది అంతస్తులో మెట్ల పక్కన కూర్చుంటారు. వాళ్ళంటే నిజానికి ఒక్కడే, చిట్టి అన్న. ఆఫీసులో అతన్ని మ్యూజియం అంటారు. పై అంతస్తుకి రమ్మని కంపెనీ చాలాసార్లు పిలిచింది, వెళ్ళలేదు. తలమీద ఏసీ నీళ్ళు కారుతుంటే కింద బకెట్ పెట్టుకుని అక్కడే కూర్చుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. చెల్లెలితో రోజుకో మాట మాట్లాడతాడు, అది కూడా "తిన్నావా" అని. ఇంటి సంగతి తను ఎత్తడు, ఆమె ఎత్తితే లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోతాడు.

"అన్నయ్యా."

"తిన్నావా?"

"నా గడువు మార్పు పాతదానికి తెచ్చింది నువ్వా?"

అతను స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఊఁ."

"దాని ముందుది తేలేదేం?"

"ముందుదేంటి?"

"గడియారం మార్పు. సెకన్లలోకి మార్చింది. అది లేకుండా ఇదొక్కటే తెస్తే..."

మాట పూర్తి చెయ్యనక్కర్లేకపోయింది. అతని చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. అన్నయ్య తెలివైనవాడు, ఆ సంగతి నాన్నకి కూడా తెలుసు. ఆమెకి పొద్దంతా పట్టినది అతనికి ఒక రెప్పపాటులో అర్థమైపోవడం ఆమె కళ్ళారా చూసింది. ముఖం నెమ్మదిగా గోడ రంగుకి వచ్చింది.

"మూడు సెకన్లు" అన్నాడు.

"మూడు సెకన్లు" అంది ఆమె. "బాల్కనీ తలుపు దాకా కూడా వెళ్ళలేకపోయాడు. నాన్న మొదటి రోజు నుంచీ అదే చెప్తున్నాడు. అందరూ చెవుడన్నారు. నేను వెళ్ళి ముప్పై సెకన్లని సాక్ష్యం చెప్పొచ్చాను. నా నోటితో! నువ్వు చూసుకోవద్దా?"

"శుభ్రంగా వచ్చింది చిట్టీ. పాతదానితో ఒక్క కాన్‌ఫ్లిక్ట్, ఒక్క గొడవ కూడా రాలేదు."

"గొడవ రాకపోతే అంతా బాగున్నట్టేనా?"

అనేశాక ఆ మాట ఎవరి గురించి అన్నట్టుందో ఇద్దరికీ తెలిసింది. బకెట్‌లో చుక్క పడింది.

"పరీక్ష కూడా పెట్టాను" అన్నాడతను. "పాసయింది. ఆ పరీక్ష రాసింది నేనే. బెల్లు మోగి ఆగిందా లేదా అని చూస్తుంది. ఎంతసేపు మోగిందో చూడదు."

"బాగుంది. పెళ్ళికొడుకు వచ్చాడా లేదా అని చూశారు గానీ బతికున్నాడా లేదా అని చూడలేదన్నమాట."

"మరి నువ్వు?" అతని గొంతు మొదటిసారి లేచింది. "రెండు మార్పులూ ఒకే రోజు చేశావు. రెండోది మొదటిదాని మీద ఆధారపడిందని ఎక్కడైనా ఒక్క ముక్క రాశావా? 'నడిచేవాళ్ళకి గడువు పెంపు', అంతే రాశావు. చదివినవాడికి అది తనంతట తను నిలబడగలిగేదే అనిపించదూ?"

ఆమె రాయలేదు. పక్కపక్కనే ఉన్నవి పక్కపక్కనే ఉంటాయనుకుంది. ఎవరో వచ్చి ఒకదాన్ని మాత్రం పట్టుకుపోతారని, రెండోది వెనక ఉండిపోతుందని ఆమెకి తట్టలేదు.

"ఎవరడిగారు నిన్ను తెమ్మని? ఆ ఫిర్యాదులు కొత్త వంతెనలవి. పాతవాటికి ఎవరూ అడగలేదు. మేనేజరమ్మ చెప్పిందా?"

"లేదు."

"మరి?"

అతను ఇప్పుడు చెయ్యి కడుక్కోవడానికి లేస్తాడనుకుంది. లేవలేదు.

"నా గది కిటికీలోంచి వంతెన కనిపిస్తుంది" అన్నాడు. "సాయంత్రం పడవ వచ్చినప్పుడల్లా చూస్తాను. ఈ మధ్య ఆయన కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి రావడానికి ఆలస్యమవుతోంది. ముందు ఒక చెయ్యి గడపకి ఆనించి, అప్పుడు కాలు బయట పెడుతున్నాడు. పాత గడువు ఆయన నడకకి సరిపోవడం లేదు. ఎవరికీ చెప్పడు. చెప్తే ముసలివాడయ్యాడని తీసేస్తారని భయం. నీ మార్పు కనిపించింది. ముప్పై సెకన్లు ఉంటే నిదానంగా వస్తాడు కదా, ఊపిరి తీసుకుని కిందికి చూస్తాడు కదా అనుకున్నాను. అందుకే ఎవరినీ అడగకుండా తెచ్చి, బండి పడిన ముందు రోజు రాత్రి ఆయన లేనప్పుడు కాబిన్‌లో ఎక్కించాను. గడువు పెరిగిందనే అనుకున్నాను గానీ తగ్గి ఉంటుందని తట్టలేదు."

అన్నయ్య ఈ కంపెనీలో చేరిన రోజునే కదా నాన్న అతనితో మాటలు మానేసింది! "నా చేతిలో మీట లాక్కుని ఒక పెట్టెకి ఇస్తారట, ఆ పెట్టెకి చదువు చెప్పేది నా కొడుకట" అని అమ్మతో అన్నాడు, కొడుకు వింటుండగా. కొడుకు ఆ రాత్రే వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు వంతెన కనిపించే గది వెతుక్కున్నాడు. పైకి రమ్మంటే వెళ్ళకుండా, కారే ఏసీ కింద ఇన్నాళ్ళూ ఆ పాత వంతెన ప్రోగ్రాంని అంటిపెట్టుకుని ఉన్నాడు. అందరూ మ్యూజియం అంటే నవ్వింది తను కూడా.

"మనిషివి కాదురా నువ్వు" అంది చివరికి. ముక్కు చీదుకుంది. "ఆయనకి ఒక ఫోన్ చేస్తే అరిగిపోతావా?"

"ఎత్తడు."

"చేశావా ఎప్పుడైనా?"

అతను కుర్చీ ముందుకి లాక్కుని కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. పని కనబడగానే అతని ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది.

"గడియారం మార్పు కూడా తెస్తున్నావా?" అంది ఆమె భుజం మీదుగా వంగి.

"వద్దు. అది తెస్తే పాతదానిలో మిగతా గడువులన్నీ పదింతలవుతాయి. గేటు దిగమంటే దిగుతూనే ఉంటుంది. ఇక్కడి గడియారం ఇక్కడే ఉండనీ. అంకె మార్చాలి. ముప్పై తీసి మూడు వందలు."

"అంతేనా?"

"అంతే."

ఒక్క సున్నా. దానికోసం ఒక మనిషి చెయ్యి విరిగింది, ఇంకో మనిషి పరువు పోయింది. చిట్టికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అతను సున్నా కొట్టాడు. కింద వివరం రాశాడు, ఈసారి పెద్దదే. ఇది ఎందుకు, ఏ తప్పుకి, ఆ తప్పు ఎవరిది అని. తన పేరు రాశాడు.

"మన ఇద్దరి పేర్లూ రాయి" అంది చిట్టి.

"నువ్వు తేలేదు."

"నేను చెప్పలేదు. రాయి."

రాశాడు.

"మధ్యాహ్నం విచారణకి నేనే వస్తాను" అన్నాడు. "ఆయన ముందే చెప్తాను. ఆ తర్వాత వాళ్ళు ఏం చేసుకుంటే అది చేసుకోనీ. ఆలోపు దీన్ని వంతెన పెట్టెలోకి ఎక్కించాలి. ఇక్కడి నుంచి కుదరదు, కాబిన్‌కి వెళ్ళి చేత్తో ఎక్కించాలి. తొందరేం లేదులే, వంతెన ఎలాగూ ఆపేశారుగా."

చిట్టి అతని భుజం పట్టి కుదిపింది.

"అన్నయ్యా, ఆపలేదు."

"ఏంటి?"

"తప్పు మనిషిదే అని తేల్చుకున్నారు కదా. మనిషిని మార్చారు. కొత్తామెని కూర్చోబెట్టి ఈ పొద్దున మళ్ళీ తెరిచారు. మొదటి పడవ రావలసిన వేళ ఇదే. ప్రోగ్రాం అదే."

అతను లేచిన ఊపుకి కుర్చీ వెళ్ళి బకెట్‌కి తగిలింది. నీళ్ళు నేలంతా పరుచుకున్నాయి. ఎవరూ చూడలేదు.

కాబిన్‌కి ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. వంతెన కదిలే వేళ ఫోన్ ముట్టుకోకూడదని కాబిన్ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. నాన్నే రాయించాడు దాన్ని, పరధ్యానం పనికిరాదని. కొత్తామె బుద్ధిమంతురాలు, రాసింది రాసినట్టు పాటిస్తుంది. ఎత్తడం లేదంటే, ఇప్పుడో ఇంకాసేపట్లోనో వంతెన లేవబోతోందన్నమాట.

అతను మేనేజరమ్మ గదికి పరుగెత్తాడు. తలుపు తాళం వేసి ఉంది. విచారణ కాగితాలు పట్టుకుని ఎప్పుడో వెళ్ళిపోయిందామె. చిట్టి ఇంటికి ఫోన్ కలిపింది. కాబిన్‌లో ఇంకో ఫోన్ ఏదైనా ఉంటే నాన్నకే తెలియాలి.

"అమ్మా, నాన్నకి ఇవ్వు. తొందరగా."

"నాన్నెక్కడే ఇంట్లో? నువ్వు వెళ్ళాక గొడుగు తీసుకుని బయలుదేరాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికంటే ఏం చెప్పను? 'ఆ కొత్తపిల్లకి దూలం అడ్డొస్తుందని తెలీదు, కుర్చీలో కూర్చుంటే నడివంతెన కనిపించదు, బాల్కనీలోకి రావాలని ఎవరూ చెప్పి ఉండరు, నేనే కింద నిలబడి జనాన్ని దాటిస్తా' అంటూ వెళ్ళాడు. వద్దంటే వింటాడా? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నా మీద చిందులేశాడు. ఏమైందే? చిట్టీ? ఎవరక్కడ నీతో?"

"అన్నయ్య."

అవతల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు. "వాడు తిన్నాడా?" అంది అమ్మ.

*

ఆఫీసు నుంచి వంతెనకి బండి మీద వెళ్తే సందులు చుట్టి వెళ్ళాలి, కాలినడకన అయితే వలలు ఎండేసిన గట్టు మీదుగా అడ్డంగా పోవచ్చు. చిన్నప్పుడు నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళిన దారే అది. ఇద్దరూ ఆ దారినే పడ్డారు. అన్నయ్య ముందు, ఒక చేత్తో లాప్‌టాప్ సంచీ గుండెకి అదుముకుని. చిట్టి వెనక, చెప్పు తెగితే రెండోదీ విసిరేసి. వలలు బాగుచేసుకునే ఆడవాళ్ళు తలెత్తి చూశారు. "ఏమైందమ్మా, ఎవరు పోయారు?" అని ఒకామె కేకేసింది. ఆ మాట చిట్టి చెవిలో ముల్లులా దిగింది. ఎవరూ పోలేదు, ఎవరూ పోరు, అనుకుంటూ పరుగెత్తింది.

రేవులోంచి పడవ కూత వినిపించింది.

గట్టు మలుపు తిరిగేసరికి గేట్లు దిగడం మొదలైంది. ఇవతల సైకిళ్ళూ బండ్లూ ఆగిపోయి ఉన్నాయి. పైన కాబిన్ అద్దంలో కొత్తామె తల కనిపిస్తోంది. నిటారుగా కూర్చుని ఎదురుగా చూస్తోంది. బాల్కనీ తలుపు మూసే ఉంది. ముప్పై సెకన్లు ఉన్నాయని ఆమె ధీమా. ఆ ధీమా ఇచ్చింది చిట్టి సాక్ష్యమే.

"ఆపండీ!" అని అరిచింది చిట్టి. గాలి దాన్ని వెనక్కి తోసేసింది.

నడివంతెన మీద ఇద్దరు మనుషులు. ఒకామె నిండుగర్భిణి, చేతిలో సంచీ. ఆమె వీపు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో మడిచిన గొడుగు ముందుకి చాపి దారి చూపిస్తూ, యూనిఫాం చొక్కాలో నాన్న. ఆయన తొందరపెట్టడం లేదు. ఎప్పుడూ పెట్టడు. వంతెన లేచే భాగం ముగిసే ఇనుప అతుకు వాళ్ళకి కాస్త ముందుంది. అది దాటితే గండం గడిచినట్టే.

టంగ్.

అన్నయ్య సంచీని చిట్టి చేతుల్లోకి తోసి గేటు కిందనుంచి దూరాడు.

అతుకు దగ్గర నాన్న ఆగి, ఆమె చెయ్యి పట్టుకుని అవతలికి దాటించాడు. "నడువమ్మా, నడువు" అన్నట్టుంది పెదవుల కదలిక. ఆమె దాటింది. ఆయన కూడా కాలెత్తాడు.

టంగ్.

"నాన్నా!"

ఇన్నేళ్ళుగా ఆ గొంతు ఆ పిలుపు పిలవలేదు. రేవులోని అన్ని చప్పుళ్ళ మీదుగా అది నేరుగా వెళ్ళి ముసలాయన వీపుకి తగిలింది. చెవులు సరిగ్గా వినిపించవని పెద్దలంతా తేల్చిన మనిషి, ఎత్తిన కాలు అతుకు అవతల పెట్టకుండానే ఆగాడు. కాలు ఇవతలే దించుకున్నాడు. నెమ్మదిగా, ఎండకి గొడుగు పట్టుకున్న చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఎవరా అన్నట్టు వెనక్కి తిరిగాడు.

టంగ్.

బెల్లు ఆగిపోయింది. ఆయన ఇంకా కొడుకు వైపే చూస్తున్నాడు, రెండు కాళ్ళూ లేచే వంతెన మీదే పెట్టి.